బిజినెస్ క్లబ్‌లో తొలి ఏడాది: రోల్‌ప్లేనా, ప్రాజెక్టా, జట్టు పోటీయా?

జూన్‌లో బడులు తెరిచి, పిల్లల్ని వ్యాపార పోటీలకు తయారుచేసే మా బిజినెస్ క్లబ్‌లో పేర్లు రాయించుకోవడం మొదలయ్యాక నన్ను పిల్లలు అడిగేది ఒకటే. "సార్, ఏది తీసుకుంటే ప్రైజొస్తాది?" తొమ్మిదో తరగతి వాళ్లూ ఇదే అడుగుతారు, ఇంటర్ మొదటి ఏడాది వాళ్లూ ఇదే అడుగుతారు. అడగడంలో తప్పేం లేదు, పోటీ అన్నాక గెలవాలనే ఉంటుంది. కాకపోతే జవాబు కోసం వాళ్లు వెతికే చోటే వేరు. మార్కెటింగా, ఫైనాన్సా, హాస్పిటాలిటీయా అంటూ రంగం పేర్లు ముందేసుకుని కూర్చుంటారు. నన్నడిగితే తొలి ఏడాది రంగం సంగతి ఆఖర్న చూసుకోవచ్చు. ఆ పోటీ మీ చేత ఏ పని చేయిస్తుందో ముందు తెలుసుకోండి. పుస్తకం ముందు కూర్చోబెడుతుందా? ముక్కూమొహం తెలియని మనిషి ఎదుట మాట్లాడిస్తుందా? నెలల తరబడి ఊళ్లు తిప్పి ఇరవై పేజీలు రాయిస్తుందా? వీటిలో ఏ పని వారం వారం చేసినా మీకు విసుగు రాదో అందులోకి దిగండి.

నేను విజయనగరంలో ఇంటర్ పిల్లలకు కామర్స్ చెబుతాను. సాయంత్రాలు క్లబ్ పిల్లలకు సాధన చేయిస్తాను, శ్రీకాకుళం వైపు పోటీ పెడితే జడ్జిగా వెళ్తాను. ఈ పోటీల పద్ధతి అమెరికా హైస్కూళ్ల నుంచి వచ్చింది. అక్కడ ఎఫ్‌బీఎల్‌ఏ (ఫ్యూచర్ బిజినెస్ లీడర్స్ ఆఫ్ అమెరికా) అనే విద్యార్థుల సంస్థ తొలి పాఠశాల శాఖ 1942లో టెనెసీ రాష్ట్రంలోని జాన్సన్ సిటీలో మొదలైంది. డెకా అనే అలాంటిదే ఇంకో సంస్థ 1946లో పుట్టింది. మన జిల్లాల నుంచి వెళ్లి స్థిరపడ్డవాళ్ల పిల్లలు అక్కడ వీటిలో ఉన్నారు. మా మేనకోడలి కూతురు టెక్సాస్‌లో డెకా సభ్యురాలు, ఆదివారం పొద్దున్నే ఫోన్లో నన్ను జడ్జిగా కూర్చోబెట్టి సాధన చేస్తుంది. ఇక్కడ మా క్లబ్ కూడా ఆ పద్ధతినే నడుపుతోంది, కేసులు, అంటే పరిష్కరించమని ఇచ్చే వ్యాపార చిక్కులు, మాత్రం పలాస, బొబ్బిలి, రాజాం చుట్టూ రాసుకుంటాం. కాబట్టి కింద చెప్పే నిమిషాలు, పేజీలు డెకా లెక్కలు. మీ క్లబ్ వాటిని మార్చుకుని ఉండొచ్చు. ఈ ఏడాది నిబంధనల కాగితం మీ మాస్టారి దగ్గర అడిగి తీసుకోండి. నిరుటి కాగితం మీద ఆధారపడకండి.

ఒక్కరే ఆడే రోల్‌ప్లే

మొదట వంద ప్రశ్నల పరీక్ష ఉంటుంది, ఇచ్చిన జవాబుల్లోంచి సరైనది గుర్తించాలి. తర్వాత చేతికి ఒక కాగితం ఇస్తారు. ఒక వ్యాపారంలో వచ్చిన చిక్కు, అందులో మీరెవరు, ఎదురుగా కూర్చున్న జడ్జి ఎవరు, మీరు వివరించాల్సిన అంశాలేమిటి, ఇవన్నీ దాంట్లో ఉంటాయి. చదువుకోవడానికి పది నిమిషాలు, మాట్లాడటానికి పది నిమిషాలు. డెకాలో తొలి ఏడాది సభ్యుల కోసమే ప్రిన్సిపుల్స్ అనే విభాగం ఉంది, అందులో నాలుగు అంశాలు ఇస్తారు. అనుభవం ఉన్నవాళ్లు ఎక్కువగా వెళ్లే ఇండివిడ్యువల్ సిరీస్‌లో ఐదు ఇస్తారు.

మార్కులన్నీ ఆ అంశాల దగ్గరే ఉంటాయి. కొత్తవాళ్లు పోగొట్టుకునేదీ అక్కడే. ఎలాగో ఒక కేసు పెట్టి చూద్దాం.

కాశీబుగ్గలో జీడిపప్పు దుకాణం. మీరు కొత్తగా చేరిన అసిస్టెంట్ మేనేజరు, జడ్జి యజమాని. డబ్ల్యూ-240 అనే పెద్ద గింజ పప్పు కావాలని ఆన్‌లైన్లో డబ్బు కట్టిన హైదరాబాద్ కస్టమరుకు చిన్న గింజ డబ్ల్యూ-320 వెళ్లింది. ఆవిడ ఫొటోతో సహా ఒక్క స్టారు ఇచ్చి, నాలుగు మాటలు రాసింది. మీకిచ్చిన అంశాలు నాలుగు: అమ్మకాల్లో గ్రేడులకూ ప్రమాణాలకూ ఉన్న ఉపయోగం ఏమిటి, ఫిర్యాదును ఎలా పరిష్కరించాలి, హామీలంటే ఏమిటి, కస్టమర్లతో మంచి సంబంధాలు ఎందుకు.

కొత్త కుర్రాడు గదిలోకి వస్తూనే ఇన్‌స్టాగ్రామ్ పేజీ పెడదామంటాడు, డబ్బా రంగు మారుద్దామంటాడు, సినిమావాళ్లతో ప్రకటన చేయిద్దామంటాడు. వినడానికి హుషారుగానే ఉంటుంది. పది నిమిషాలూ అయిపోతాయి. నా చేతిలోని మార్కుల కాగితంలో నాలుగు గళ్లూ దాదాపు ఖాళీగానే మిగులుతాయి, ఎందుకంటే అడిగిన నాలుగింట్లో ఒక్కటీ అతను చెప్పలేదు. తెలివి లేక కాదు. కాగితంలో చిక్కు మాత్రమే చదివి, దాని కింద ఉన్న జాబితా వదిలేశాడు.

సాధన చేసిన పిల్ల ఎలా చేస్తుందంటే, వచ్చి నమస్కారం పెట్టి తన పేరూ ఉద్యోగం చెప్పి, మొదటి అంశం మొదలుపెడుతుంది. "పౌనుకు, అంటే దాదాపు 454 గ్రాములకు, 220 నుంచి 240 గింజలు తూగితే డబ్ల్యూ-240 అంటామండి. 300 నుంచి 320 తూగితే డబ్ల్యూ-320. అంకె పెరిగిన కొద్దీ గింజ చిన్నది, ధర తక్కువ. ఆన్‌లైన్లో కొనేవాళ్లు పప్పును చేత్తో పట్టి చూడలేరు కాబట్టి ఆ అంకెను చూసే డబ్బు కడతారు." గ్రేడుల అంశం అక్కడితో పూర్తయింది. తర్వాత ఫిర్యాదు: ఆవిడకు ఫోన్ చేసి చెప్పేది అడ్డురాకుండా వినడం, పొరపాటు మనదని ఒప్పుకోవడం, సరైన సరుకు మన ఖర్చుతో పంపడం, పొరపాటు ప్యాకింగులో జరిగిందా ఆర్డరు రాసుకోవడంలో జరిగిందా తేల్చడం. అక్కణ్నుంచి హామీలోకి: గ్రేడు తేడా వస్తే మార్చి ఇస్తామని, ఎన్ని రోజుల్లోపు చెప్పాలో ప్యాకెట్ మీదే అచ్చు వేయించడం. చివరికి, సరుకు అందాక ఇంకోసారి ఫోన్ చేయడం, పండగలప్పుడు ఆ పాత కస్టమర్ల జాబితానే మన పెట్టుబడి కావడం.

జడ్జి ఊరుకోడు. "అడిగినోళ్లందరికీ మార్చి పంపితే నాకేటి మిగుల్తాది?" అంటాడు. ఈ ప్రశ్న వస్తుందని ముందే అనుకుని, నెలకు ఎన్ని ఆర్డర్లు, అందులో ఎన్ని తేడా వస్తాయి, ఒక్కో మార్పిడికి ఎంత ఖర్చు అని కాగితం అంచున చిన్న లెక్క వేసుకుని వచ్చినవాళ్లు తడబడరు. అంకెలు ఊహించినవే అయినా ఫర్వాలేదు, "నెలకు వంద ఆర్డర్లనుకుంటే" అని పైకి చెప్పి లెక్క చూపించండి.

ఇది ఎవరికి సరిపోతుంది? మాటకారులకు అని అందరూ అనుకుంటారు. నేను ఒప్పుకోను. బాగా మాట్లాడే పిల్లలు మాట మీద ధీమాతో అంశాలు వదిలేయడం ఎన్నోసార్లు చూశాను. వరసగా ఆలోచించే పిల్ల గొంతు కాస్త వణికినా మార్కులు తెచ్చుకుంటుంది. తల్లిదండ్రులు "మా గుంటడికి మాటలు రావండి" అని చెప్పి పిల్లల్ని వెనక్కి లాగేస్తారు. పది నిమిషాలు మాట్లాడటం నేర్చుకుంటే వస్తుంది. వినే ఓపిక ఉందా లేదా, దాన్నే చూడండి.

ఇంగ్లీషు భయం మాత్రం నిజమైనదే, దాన్ని కొట్టిపారేయను. తెలుగు మీడియం నుంచి వచ్చినవాళ్లకు నేను చెప్పేది: ఆ పది నిమిషాల నోట్సు తెలుగులోనే రాసుకోండి, ఆలోచన త్వరగా సాగుతుంది. పలకాల్సిన నాలుగు అంశాల పేర్లు మాత్రం ఇంగ్లీషులో ఉన్నదున్నట్టు పైన రాసుకుని, మాట్లాడేటప్పుడు ఒక్కోదాన్ని పేరు పెట్టి మొదలుపెట్టండి. చిన్న చిన్న వాక్యాలు చాలు. నేను జడ్జిగా కూర్చున్నప్పుడు ఉచ్చారణకు మార్కులు కోయను, చెప్పిన విషయం అర్థమైతే చాలు.

ఇద్దరు కలిసి చేసే కేసు

ఇక్కడా పరీక్ష ఉంటుంది, కేసూ ఉంటుంది. తేడా ఏమిటంటే చదువుకోవడానికి ముప్పై నిమిషాలిస్తారు, జడ్జి ముందు పదిహేను నిమిషాలు ఉంటాయి, అంశాలు ఏడు. ఇద్దరూ మాట్లాడాలి. పరీక్షలో ఇద్దరి మార్కుల సగటు తీస్తారు.

ఆ ఆఖరి వాక్యం ఇంకోసారి చదవండి. పిల్లలు జట్టు కట్టేటప్పుడు మర్చిపోయేది ఇదే. మీరు తొంభై తెచ్చుకుని మీ స్నేహితుడు యాభై తెచ్చుకుంటే మీ జట్టుది డెబ్బై. స్నేహితుణ్ని తీసుకోవద్దని అనను, కానీ తీసుకునే ముందు ఇద్దరూ ఒక పాత ప్రశ్నపత్రం విడివిడిగా రాసి, మార్కులు ఒకరికొకరు చూపించుకోండి. అప్పుడు ముఖం మాడితే అక్టోబరులో మాడాల్సింది జులైలోనే మాడినట్టు, నష్టం లేదు.

కేసు పెద్దది కావడం వల్ల కథ చిక్కగా ఉంటుంది. మేం సాధనకు వాడే ఒక కేసు ఇలా ఉంటుంది: దసరా వెళ్లాక వచ్చే పైడితల్లి సిరిమానోత్సవానికి విజయనగరంలోని ఒక లాడ్జి గదులన్నీ నిండిపోయాయి. ఫోన్లో తీసుకున్న బుకింగు, యాప్‌లో వచ్చిన బుకింగు ఒకే గదికి పడ్డాయి. రెండు కుటుంబాలూ సామాన్లతో రిసెప్షన్ దగ్గర నిలబడ్డాయి. మీరిద్దరూ మేనేజర్లు, జడ్జి యజమాని. ఇప్పుడేం చేస్తారు, వచ్చే ఏడాదికి ఏం మారుస్తారు? ఇలాంటిదానికి ఇద్దరు ఉండటం నిజంగా కలిసొస్తుంది. ఒకరు ఆ రాత్రి సంగతి, ఇంకొకరు వచ్చే ఏడాది సంగతి పట్టుకోవచ్చు. ఏడు అంశాల్ని నాలుగు, మూడుగా పంచుకోవడం ముందే నిర్ణయించుకుని ఉంటే ముప్పై నిమిషాల్లో వాదన ఉండదు.

వీధిలో పక్కపక్క ఇళ్లవాళ్లు, ఒకే బస్సులో వచ్చేవాళ్లు అయితే ఈ పోటీ బాగుంటుంది. ఒకరిది గరివిడి, ఇంకొకరిది సాలూరు అయితే ఫోన్లో ఎంత మాట్లాడుకున్నా ఎదురెదురుగా కూర్చుని చేసే సాధనతో సమానం కాదు.

రాసే ప్రాజెక్టు

ఒకరు, ఇద్దరు లేదా ముగ్గురు కలిసి చేయొచ్చు. పోటీని బట్టి పది పేజీలో ఇరవై పేజీలో రాసి, దాని గురించి జడ్జికి పదిహేను నిమిషాల్లో వివరించి ప్రశ్నలకు జవాబివ్వాలి. డెకాలో ప్రాజెక్టు మేనేజ్‌మెంటు విభాగం లాంటి చోట వంద ప్రశ్నల పరీక్ష ఉండదు. "పరీక్ష లేదట!" అని ఎగిరి గంతేసి ఇందులో దిగేవాళ్లు ప్రతి ఏడాదీ ఉంటారు. పరీక్షకు పెట్టాల్సిన టైమ్‌కి రెండు మూడింతలు ఇది తింటుంది.

కానీ పిల్లల్లో అసలైన మార్పు కనిపించేది కూడా ఇందులోనే. రోల్‌ప్లేలో వ్యాపారం ఊహలో ఉంటుంది. ప్రాజెక్టులో నిజం మనుషుల దగ్గరికి వెళ్లి, వాళ్ల లెక్కలు అడగాలి, వాళ్లు చెప్పరు, మళ్లీ వెళ్లాలి.

సబ్జెక్టు ఎంచుకోవడంలో మన దగ్గర ఒక చిక్కు ఉంది. పిల్లలకు మొదట గుర్తొచ్చేది భీమాళి మామిడి తాండ్ర. మంచి సబ్జెక్టే. చాపల మీద మామిడి గుజ్జు పొరలు పొరలుగా పోసి ఎండబెట్టే సరుకు అది, మధ్యలో వాన పడితే నష్టం, దాని చుట్టూ చక్కటి ప్రశ్న అల్లొచ్చు: పైకప్పు ఉన్న ఎండబెట్టే షెడ్డు కట్టడానికయ్యే ఖర్చు ఎన్ని వానల నష్టంతో సమానం? చేసేవాళ్లు నలుగురు కలిసి కట్టుకుంటే లెక్క ఎలా మారుతుంది? అయితే క్లబ్ మొదలయ్యేది జూన్, జులైలలో. మామిడి సీజను అప్పటికి ముగింపుకొచ్చేస్తుంది. ప్రాజెక్టు రాసేది ఆగస్టు నుంచి జనవరి దాకా. ఆ నెలల్లో చాప మీద గుజ్జు పోయడం మీకు కనబడదు. ఎవరో చెప్పింది విని రాయాలి, జడ్జి రెండు ప్రశ్నలు అడిగేసరికి ఆ సంగతి బయటపడుతుంది. మీకు తాండ్ర మీదే మనసుంటే ఈ ఏడాది రోల్‌ప్లే చేసి, వచ్చే వేసవిలో భీమాళి వెళ్లి ఫొటోలు, లెక్కలు సేకరించుకుని, రెండో ఏడాది రాయండి.

తొలి ఏడాదే రాయాలంటే ఆగస్టు నుంచి జనవరి మధ్య కళ్లెదుట జరిగే పని తీసుకోవాలి. సిరిమానోత్సవం అప్పుడే వస్తుంది, ఆ రోజుల్లో తాత్కాలికంగా పెట్టే దుకాణాల లాభనష్టాలు ఎవరైనా కూర్చుని లెక్క వేస్తే చదవాలని నాకెప్పట్నుంచో ఉంది. పలాస, కాశీబుగ్గల్లో పిక్కలు పగలగొట్టి పప్పు తీసే పని పంట రోజులకే పరిమితం కాదు. పొందూరులో నేత ఉంది. అక్కడ పత్తిని వాలుగ చేప దవడ ఎముకతో శుభ్రం చేస్తారు, ఆ నూలు అంత సన్నం. ఈ ఒక్క పనికి పట్టే గంటలు లెక్కగట్టి, దుకాణంలో చీర ధర పక్కన పెడితే ధర నిర్ణయం మీద అందమైన అధ్యాయం తయారవుతుంది. బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో పనసకర్రతో వీణలు చేస్తారు, కచేరీలో వాయించే పెద్ద వీణలతో పాటు బహుమతిగా ఇచ్చే చిన్న వీణలూ చేస్తారు. ఒకే చేతిపని, రెండు రకాల కొనుగోలుదార్లు. కస్టమర్లను వర్గాలుగా విడదీయడం అనే పాఠం అక్కడ చూసినంత స్పష్టంగా పుస్తకంలో కనబడదు. బుడితి ఇత్తడి సామాన్ల మీద కూడా ఎవరైనా చేస్తే బాగుండు.

ఒక్క మనవి. "ఆన్‌లైన్లో అమ్మాలి" అన్నది ముగింపుగా రాయకండి. జడ్జిలుగా కూర్చునేవాళ్లం దాన్ని చదివీ చదివీ అలిసిపోయాం. ఆన్‌లైన్లో అమ్మితే ప్యాకింగుకు ఎంత, పగిలితే ఎవరిది నష్టం, ఫోన్ తీసి జవాబు చెప్పేదెవరు, ఆ ఇంట్లో ఆ పని చేసే మనిషి ఉన్నారా, ఇవి రాయండి.

ఇంకో సంగతి, చిన్నదే కానీ ఖరీదైనది. రాత పోటీల్లో తనిఖీ జాబితా ఒకటి ఉంటుంది. పేజీలు మించినా, పేజీ నంబర్లు వేయకపోయినా, ఇది మా సొంత పనే అని సంతకం పెట్టే పత్రం జత చేయకపోయినా మార్కులు కోస్తారు. నెలల కష్టం చేసి, పేజీ నంబర్లు మరిచి మార్కులు పోగొట్టుకున్న జట్లను చూస్తే జాలేస్తుంది. ఆ జాబితా పట్టుకుని సరిచూసే పని జట్టులో ఒకరికి అప్పగించండి, రాసినవాళ్లకు కాకుండా ఇంకొకరికి.

పరీక్ష మాత్రమే ఉన్నవి

ఎఫ్‌బీఎల్‌ఏలో కేవలం పరీక్ష రాసే పోటీలు చాలా ఉన్నాయి, తొమ్మిది, పది తరగతుల వాళ్లకు పరిచయ స్థాయిలో కొన్ని విడిగా ఉన్నాయి. మనుషుల ఎదుట మాట్లాడటమంటే నిజంగానే జ్వరం వచ్చేవాళ్లకు ఇది మంచి ప్రవేశం. తక్కువ టైమ్ తింటుంది. దీని గురించి ఇంతకంటే చెప్పడానికి పెద్దగా లేదు, పాత పేపర్లు చేయండి, తప్పు చేసినవి నోట్సులో రాసుకోండి. రెండో ఏడాది కూడా ఇక్కడే ఉండిపోతానంటే మాత్రం నేను ఊరుకోను.

మరి రంగం?

ముందే చెప్పాను, ఇది చివర్న చూసుకోవచ్చని. మొత్తం వదిలేయమనలేదు. ఎంపీసీ పిల్లలు లెక్కలొచ్చు కదా అని ఫైనాన్స్‌కి పరుగెడతారు. తీరా చూస్తే అక్కడ అడిగేది బీమా ఎలా పనిచేస్తుంది, అప్పు ఇచ్చేముందు ఏం చూస్తారు, ఆస్తి అప్పుల పట్టీలో ఏముంటుంది అన్నవి. కూడికలు, శాతాలు దాటి లెక్కలు పెద్దగా ఉండవు. ఇంట్లో ఎవరైనా బ్యాంకులోనో ఎల్‌ఐసీలోనో ఉంటే ఆ రంగం మీకు సగం వచ్చినట్టే. మార్కెటింగుకు అందరూ వస్తారు, కాబట్టి రద్దీ. నాకైతే మన పిల్లలు హాస్పిటాలిటీని అన్యాయంగా వదిలేస్తున్నారనిపిస్తుంది. రథసప్తమికి అరసవల్లి వెళ్లి క్యూలో నిలబడ్డవాళ్లు, శ్రీకూర్మం, కళింగపట్నం తీరం చూసొచ్చినవాళ్లు, పెళ్లిళ్లలో బంతి వడ్డన చేసినవాళ్లు అతిథుల సేవ గురించి పుస్తకం తెరవకుండానే చాలా చెప్పగలరు. వ్యాపారం ఉన్న ఇంటి పిల్లలు ఆంట్రప్రెన్యూర్‌షిప్ వైపు వెళ్లొచ్చు, కానీ "మా నాన్న ఇలాగే చేస్తారు" అన్నది జడ్జికి జవాబు కాదు, ఎందుకు అలా చేస్తారో చెప్పాలి.

పదో తరగతి వాళ్లకు, ఇంటర్ వాళ్లకు వేర్వేరుగా

అమెరికాలో రాష్ట్ర స్థాయి పోటీలు ఫిబ్రవరి, మార్చిల్లో, డెకా అంతర్జాతీయ పోటీలు సాధారణంగా ఏప్రిల్ చివర్లో, ఎఫ్‌బీఎల్‌ఏ జాతీయ పోటీలు జూన్ ఆఖర్లో వస్తాయి. వాళ్ల చదువుల క్యాలెండరుకు అది సరిపోతుంది. ఇక్కడ ఫిబ్రవరి, మార్చి అంటే పబ్లిక్ పరీక్షలు. పదో తరగతి పిల్లలు ప్రాజెక్టు జోలికి వెళ్లొద్దు. ఒక్కరే ఆడే రోల్‌ప్లే తీసుకుంటే డిసెంబరు దాకా చేసి ఆపేసినా ఎవరికీ ద్రోహం చేసినట్టు కాదు. జట్టులో ఉండి జనవరిలో తప్పుకుంటే అవతలి పిల్ల ఏడాది పోతుంది. తొమ్మిదో తరగతి వాళ్లకు ఏదైనా పర్లేదు, ముగ్గురు మంచి జట్టు కుదిరితే ప్రాజెక్టుకు అదే సరైన ఏడాది. ఇంటర్ మొదటి ఏడాదిలో సీఈసీ, ఎంఈసీ వాళ్లు ఇద్దరి కేసు పోటీ చూడండి, క్లాసులో చదివే అకౌంట్సు, కామర్సు ఇక్కడ పనికొస్తాయి. ఎంపీసీ, బైపీసీ వాళ్లకు కోచింగుతో పాటు నడవాలంటే ఒంటరి రోల్‌ప్లేకు మించింది లేదు.

తల్లిదండ్రులు అడుగుతారు, దీనివల్ల ర్యాంకుకు ఏమైనా ఉపయోగమా అని. ఈఏపీసెట్‌కు గానీ జేఈఈకి గానీ ఏమీ లేదు, ఆశ పెట్టను. సీఏ వైపు వెళ్లాలనుకునే పిల్లలకు ఫౌండేషన్‌లోని అకౌంటింగు, బిజినెస్ లాస్ (వ్యాపార చట్టాలు), బిజినెస్ ఎకనామిక్స్ పేపర్లలోని మాటలు ముందే చెవిన పడి ఉంటాయి, అది కొంత మేలు. మిగతాది ఇంటర్వ్యూ గదిలోకి వెళ్లిన రోజు మీకే కనబడుతుంది.

డబ్బు, పదవులు, కోటు

క్లబ్‌లో చేరిన నెలకే అధ్యక్షుడి పదవికి నిలబడే ఉత్సాహం కొందరికి ఉంటుంది. తొలి ఏడాది వద్దు. మీటింగులు, బ్యానర్లు, అతిథుల ఏర్పాట్లతో సాయంత్రాలన్నీ పోతాయి, సాధనకు మిగలదు. చిన్న బాధ్యత ఏదైనా, సరంజామా చూసుకోవడమో లెక్కలు రాయడమో, తీసుకోండి.

డబ్బులు కట్టి కోచింగు ప్యాకేజీలు కొనకండి. డెకా తన వెబ్‌సైటులోనే ఒక్కో పోటీకి నమూనా పరీక్ష, నమూనా రోల్‌ప్లే ఉచితంగా పెడుతుంది. అవి రెండుసార్లు చేశాక కూడా ఇంకా కావాలనిపిస్తే అప్పుడు ఆలోచించండి. మా మేనకోడలి కూతురు వాళ్లు బ్లేజరు వేసుకుంటారు, అక్కడి చలికి, అక్కడి పద్ధతికి అది సరే. విజయనగరంలో సెప్టెంబరు ఉక్కలో అద్దె కోటు వేసుకుని చెమటలు కక్కుతూ కూర్చున్న పిల్లాడు అంశాలు మర్చిపోతాడు. మీ నిబంధనల్లో తప్పనిసరి అని లేకపోతే ఇస్త్రీ చేసిన చొక్కా, పాలిష్ పెట్టిన బూట్లు, అమ్మాయిలకైతే శుభ్రమైన చుడీదార్ చాలు.

పేర్ల నమోదు ముగిసేదాకా పోటీ మార్చుకోవచ్చు. అందుకని క్లబ్‌లో జరిగే మొదటి చిన్న పోటీ దాకా ఒక నమూనా రోల్‌ప్లే, ఒక నమూనా పరీక్ష, ఒక రెండు పేజీల చిన్న రిపోర్టు, మూడూ చేసి చూడండి. ఏది చేస్తున్నప్పుడు గడియారం వైపు చూడలేదో గుర్తుపెట్టుకోండి. సాధనకు జడ్జి కావాలంటే మాస్టార్ల కోసం ఎదురుచూడక్కర్లేదు. మీ వీధిలో ఫ్యాన్సీ షాపో, మందుల షాపో, బట్టల కొట్టో ఉంటుంది. కాగితం ఆ యజమాని చేతికిచ్చి, "పది నిమిషాలు నన్ను ప్రశ్నలడగండి బాబాయ్" అనండి. పుస్తకంలో లేని ప్రశ్న ఒకటైనా వస్తుంది. మధ్యాహ్నం భోజనాలయ్యాక వెళ్లండి, ఆ వేళ బేరాలు తక్కువ.